రావద్దనే గుర్తు

ఏకాంబరం సారు మంచివాడని నేను చెప్పను. మంచివాళ్ళతో పనిచేయడం సుఖంగా ఉంటుంది. ఆయనతో పనిచేసినన్నాళ్ళూ నాకు తలనొప్పి తప్ప సుఖం లేదు. ఆలస్యంగా వెళితే తిట్టేవాడు, ముందుగా వెళితే ఇంట్లో పని లేదా అనేవాడు. నేను కట్టిన కట్టును పిల్లల ముందే విప్పి మళ్ళీ కట్టమనేవాడు. నేను చిత్తూరు ఆసుపత్రిలో నర్సుని, ఆయన పింఛను పుచ్చుకున్న డ్రిల్లు మేష్టరు. కట్టు కట్టడం ఎవరికి ఎవరు నేర్పాలో మీరే చెప్పండి. అయినా ఆయన పిలిచిన ప్రతి ఆదివారమూ వెళ్ళాను.

మొదటి జర్మనీ యుద్ధంలో ఆయన బస్రా వైపు పోయి, విమానాలు బాగుచేసే చోట పనిచేసి వచ్చాడట. పెళ్ళీ పెటాకులూ లేవు. నలభై రెండు ఎండాకాలంలో జపానువాళ్ళు మద్రాసు మీద బాంబులు వేస్తారని పుకారు పుట్టి, అక్కడి జనం పెట్టేబేడా సర్దుకుని మా ఊరికి వచ్చిపడ్డారు. అరుగులకు కూడా అద్దెలు పలికాయి. ఆ గందరగోళంలో ఈయనకు ఉత్సాహం పుట్టింది. ఆకాశంలో పోయేది మనవాళ్ళ విమానమో పరాయివాళ్ళదో చెప్పగలిగినవాళ్ళు ఊరికి పదిమంది ఉండాలని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. వాళ్ళు నవ్వి పంపించారు. అప్పుడు ఊళ్ళోనే మిట్టూరు వీధిలో తన ఇంటి మేడగదికి తానే ‘విమాన సేవా సంఘం’ అని బోర్డు రాసి తగిలించుకున్నాడు.

జీతం బత్తెం లేని సంఘం అది. ఆదివారం ఆదివారం పిల్లలు మేడ మీద చేరేవాళ్ళు. వెదురు బద్దలూ గాలిపటం కాగితాలూ పెట్టి చిన్న చిన్న విమానాలు చేసేవాళ్ళు. కళ్ళు మూసుకుని కొండ మీద కూర్చుని, మోత విని అది ఏ విమానమో చెప్పేవాళ్ళు. ప్రథమ చికిత్స నేర్పడానికి నేను. చర్చి నుంచి ఇంటికి పోతుంటే దారిలో నిలబెట్టి, “ఆదివారం పొద్దున దేవుడిదేలేమ్మా వసంతమ్మా, మధ్యాన్నం ఊరికే కద పోతా ఉండాది” అని నన్ను లాక్కుపోయినవాడు ఆయనే.

పలమనేరు రోడ్డులో గండి పడి నీళ్ళు నిలవని చెరువు ఒకటి ఉంది. ఆ చెరువు నీళ్ళు పొలాలకు పంచే నీరుగంటి చిన్నబ్బ. నీళ్ళే లేని చెరువుకు నీరుగంటి ఏం చేస్తాడు? సారు అతన్ని పట్టుకుని, చెరువులోని తుమ్మమొక్కలు పీకించి, రాళ్ళు ఏరించి, ఇబ్బందిలో పడిన విమానం దిగడానికి మైదానం చేయించాడు. రేణిగుంట దగ్గర ఇలాంటిదే ఇంకొకటి చూసి పెట్టుకున్నాడు.

ఆకాశంలో ఉన్న మనిషితో మనం మాట్లాడలేం. అందుకని నేల మీద తెల్లగుడ్డలు పరిచి చెప్పడం. నిలువుగా ఒక గుడ్డ, దాని తల మీద అడ్డంగా ఒక గుడ్డ పరిస్తే నేల బాగుంది రమ్మని. రెండు గుడ్డలూ కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి వేస్తే నేల బాగాలేదు, రావద్దని. ఇంతే పాఠం. దీన్నే ఆయన నెలల తరబడి చెప్పేవాడు. గుడ్డ వంకర పోతే వేళ్ళ మీద బెత్తంతో కొట్టేవాడు. ఒకసారి తుపానులో తడ వైపు పల్లెలు నీళ్ళలో చిక్కుకుంటే, విమానంవాళ్ళు మందులు ఎక్కడ వేయాలో మా పిల్లలే గుడ్డలు పరిచి చూపించారు. ఆ తరవాత ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

ఆ పిల్లల్లో అందరికంటే పెద్దవాడు, అప్పటికే మీసాలు వచ్చినవాడు చెంగల్రాయుడు. సంతపేటలో మామిడికాయల మండీ గోవిందయ్య కొడుకు. కొడుకు మండీలో కూర్చోవాలని గోవిందయ్యకు, కూర్చోకూడదని కొడుక్కు. తల్లి తాయమ్మ కొడుకు పక్షం. వాణ్ణి మేడకు పంపించి, అడిగితే కొండకు పోయినాడనీ కోనకు పోయినాడనీ మొగుడికి కథలు చెప్పేది. ఏకాంబరం సారు చేతిలో ఎక్కువ బెత్తపుదెబ్బలు తిన్నవాడు వాడే, ఆయనకు ప్రాణమూ వాడే. యుద్ధం రోజులు కావడంతో తొందరగానే విమానదళంలో చేరి, చిన్న రెండు సీట్ల విమానంలో బెంగుళూరుకూ మద్రాసుకూ తిరిగే పని సంపాదించాడు. మా ఊరి మీదుగా పోతూ రెక్క వంచేవాడు. చేతిలో ఏ పని ఉన్నా పడేసి తాయమ్మ వాకిట్లోకి పరుగెత్తేది. మోత వినిపించనంత దూరం పోయిన తరవాత కూడా అక్కడే నిలబడి ఉండేది. ఆ ముఖం చూసినవాళ్ళకు ఆమె మీద ఎంత కోపం ఉన్నా పోతుంది, ఇది గుర్తు పెట్టుకోండి.

నలభై నాలుగులో దసరా దాటిన తరవాత సంఘం పండగ పెట్టుకున్నాం. చెంగల్రాయుడు విమానాన్ని మా మైదానంలో దించి పిల్లలకు చూపించడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఊరంతా అదే మాట. వాడి భార్య పంకజాక్షి నిండు చూలాలు, పలమనేరులో పుట్టింట్లో ఉంది. లేకపోతే ఆ అమ్మాయి కూడా వచ్చి ఉండేది. గుడ్డల కొట్టు ఆసామి ఒకాయన పండగనాడు గుర్తులు పరచడానికని కొత్త తెల్ల మల్లుగుడ్డ ఇచ్చాడు.

పండగకు ముందు వాన పడింది. పెద్ద వానేం కాదు. పండగనాటికి ఎండ కాసి నేల పైన పక్కులు కట్టి ఎండినట్టే కనిపించింది. సారు తెల్లారుతూనే పోయి చేతికర్ర గుచ్చి చూశాడు. కర్ర మోచేతి లోతు దిగబడింది. కింద అంతా ఒండ్రు. తీసుకుపోయిన కొత్త గుడ్డలు రెండూ కత్తెర గుర్తుగా పరిచి, అంచులకు రాళ్ళు పెట్టి, చిన్నబ్బను కాపలా ఉంచాడు. ఎవరు తొక్కినా కాళ్ళు విరగ్గొడతానన్నాడట. అక్కడి నుంచి రోడ్డు మలుపుకు వచ్చి నిలబడ్డాడు, వచ్చే జనాన్ని వచ్చినట్టే బస్సు ఎక్కించి రేణిగుంటకు తోలడానికి. నేను మందులపెట్టెతో వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. చెంగల్రాయుడు ఒక చుట్టు తిరిగి గుర్తు చూసుకుని రేణిగుంటకు పోతాడు, మనమూ అక్కడికే పోదామన్నాడు. అన్నీ ముందే అనుకుని పెట్టుకున్నవే కాబట్టి నేనూ సరేనన్నాను.

విమానం వచ్చింది. పిల్లలు చేతులు ఊపారు. అది ఒక చుట్టు తిరిగింది. మేం రేణిగుంట వైపు, తూర్పుకు మళ్ళుతుందని చూస్తున్నాం. అది మళ్ళలేదు, కిందికి దిగడం మొదలుపెట్టింది. ఏకాంబరం సారు అరిచిన అరుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఎవరికి వినిపిస్తుందని అరిచాడో పాపం. మేం పరుగెత్తుతుండగానే చక్రాలు ఒండ్రులో కూరుకుపోయి, ముక్కు నేలకు కొట్టుకుని, తోక పైకి లేచి విమానం తలకిందులైంది.

నేను చేరేసరికి చిన్నబ్బ, ఇంకో ఇద్దరూ కలిసి వాణ్ణి బయటికి లాగారు. మెడ విరిగింది. తల పగిలి నెత్తురు కారుతోంది. అప్పటికే ప్రాణం లేదని నా చేతులకు తెలుసు, అయినా కట్టు కట్టడానికి గుడ్డ కావాలని పక్కనే నేల మీద ఉన్న గుడ్డ లాగాను. అది తెల్లగా లేదు. పచ్చగా, తడిగా ఉంది. నా అరచేతులు రెండూ పసుపయ్యాయి.

జరిగింది చిన్నబ్బ తరవాత నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. సారు అటు పోయాక తాయమ్మ వచ్చింది. కొడుకు మొదటిసారి ఆకాశంలోంచి సొంత ఊళ్ళో దిగుతున్నాడు, అందరికంటే ముందు తనే ఎదురెళ్ళాలని. దిష్టి తీయడానికి పసుపూ సున్నమూ తెచ్చుకుంది, ముత్తైదువలకు పంచడానికి ఇంకో మూట పసుపు తెచ్చుకుంది. చూస్తే నేల మీద కోరా తెల్లగుడ్డ, కొత్తది, చుట్టూ రాళ్ళు. మూలకు పసుపు బొట్టు కూడా లేదు. శవం మీద కప్పే గుడ్డలాగా కనబడి ఆమెకు గుండె ఆగినంత పనైంది. కొడుకు వచ్చే దారిలో అలాంటిది ఉండకూడదంది. చిన్నబ్బ తొక్కొద్దన్నాడు. తొక్కనబ్బా, పసుపు పెట్టి అట్నే పరస్తానంది. మూలలకు పెడితే సరిపోయేది. ఆమె మనసు ఒప్పలేదు. మడుగులో పసుపంతా కలిపి, గుడ్డలు రెండూ నిండా ముంచి, పిండి, మళ్ళీ అదే చోట అదే తీరుగా పరిచి, ఆ రాళ్ళే పెట్టింది. చిన్నబ్బ కూడా ఒక కొస పట్టుకున్నాడు. గుర్తు మారలేదు కదా అనుకున్నాడు. ఆ చెరువులో ఒండ్రు పసుపురంగు, ఎండిన గడ్డి పసుపురంగు. వాటి మధ్య పసుపుగుడ్డ పైనుంచి చూసేవాడికి ఎలా కనిపిస్తుంది? రమ్మనే గుర్తూ కనబడకపోయినా తెలిసిన సొంత నేలే కదా, కత్తెర గుర్తు లేదు కాబట్టి బాగుందనుకుని వాడు దిగాడు.

మా చర్చిలో పెళ్ళికూతురు తెల్లచీర కట్టుకుంటుంది. తెల్లగుడ్డను చూసి అలా భయపడవచ్చని నాకు తోచదు. ఏకాంబరం సారుకు విమానాలు తప్ప వేరే లోకం లేదు, ఆయనకూ తోచలేదు. కొత్తగుడ్డకు పసుపు పెట్టకుండా వాడని ఇళ్ళలో పుట్టి పెరిగిన మనుషుల మధ్య కొత్త తెల్లగుడ్డ పరిచి వెళ్ళాడు.

తాయమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తరవాత తలెత్తి సారును చూసింది. “మీరు పరిసిన గుర్తు సూసే గదా సారూ నా బిడ్డ దిగినాడు. ఏం పరిసినారు?” అంది.

సారు నా చేతులు చూశాడు, ఆమె చేతులు చూశాడు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. “రమ్మనే గుర్తు పరిసినానమ్మా. తొందరలో తప్పు పరిసినాను” అన్నాడు.

గుడ్డ వంకర పోతే బెత్తం ఎత్తే మనిషి ఆ మాట అన్నాడు. ఆమె ఆ పసుపు చేతులతోనే ఆయన చొక్కా పట్టుకుని కొట్టింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. విచారణకు బెంగుళూరు నుంచి వచ్చిన అధికారి ముందు కూడా ఆ మాటే చెప్పాడు. గోవిందయ్య మేడ ఎక్కి బోర్డు పీకి రోడ్డు మీద వేసి తొక్కాడు. ఎవరూ అడ్డుపడలేదు.

నేను ఊరుకోలేకపోయాను. ఆయన గదికి పోయి పోట్లాడాను. చేయని తప్పు నెత్తిన వేసుకుంటే ఇన్నాళ్ళు మనం చేసిన పని ఏమవుతుందని అడిగాను. ఆయన నాకేసి చూడకుండా చెప్పాడు: “ఆ తల్లికి కొడుకు పోయినాడు. తన సేత్తోనే పోయినాడని తెలిస్తే ఈ పొద్దే బావిలో పడతాది. నన్ను తిడితే నాకేం పోతాది వసంతమ్మా, పెండ్లామా బిడ్డలా?” తరవాత నా చేత బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు. చిన్నబ్బ చేత వాడి ఆవుల మీద వేయించుకున్నాడు. తాయమ్మా ఆయనా ఇద్దరూ ఈ లోకంలో లేరు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఊరి పెద్దలు కొందరు వచ్చి, మీరు తప్పుకోండి, పిల్లల చదువు మాత్రం ఆపొద్దు, ఇంకొకరి చేత నడిపిస్తామన్నారు. న్యాయమైన మాటే. ఈయన ససేమిరా అన్నాడు. మేడగది గోడల మీది విమానాల పటాలన్నీ చించి పొయ్యిలో పెట్టాడు. పిల్లలు చేసుకున్న కాగితం విమానాలు వాళ్ళకు పంచేసి ఇంక రావద్దన్నాడు. తను లేని సంఘం ఉండకూడదన్న కుళ్ళు ఈ ముసలోడికి అని ఊరంతా అనుకుంది. నిజం చెప్పొద్దూ, నేనూ కొంతసేపు అలాగే అనుకున్నాను. తరవాత అర్థమైంది. గుర్తులు నేర్పుతున్నంత కాలం ఊళ్ళో ఏ పిల్లవాడైనా ఏదో ఒక రోజు తాయమ్మ ముందు కత్తెర గుర్తు వేస్తాడు. అది రావద్దనే గుర్తని చెబుతాడు. తాను ఏ ఆకారంలో గుడ్డలు పరిచిందో ఆమెకు బాగా తెలుసు. అందుకని ప్రాణంతో సమానమైన పనిని ఆయన తన చేతులతోనే ఆర్పేశాడు. అది తెలిసిన రోజు నేను ఆసుపత్రి వెనక వరండాలో కూర్చుని ఏడ్చాను.

పంకజాక్షికి మగపిల్లవాడు పుట్టాడు. బిడ్డకు మూడు నెలలు నిండాక ఎత్తుకుని అత్తగారింటికి వచ్చింది. పుట్టింటివాళ్ళు పలమనేరులోనే ఉండమన్నారట, ఆ పిల్లే అత్తను ఒంటరిగా వదలనని వచ్చింది. గోవిందయ్య మండీలోనే పడుకునేవాడు, ఇంటికి రావడం తగ్గించేశాడు. తాయమ్మ లోకమంతా ఆ బిడ్డే. బిడ్డకు నీళ్ళు పోయడం, సాంబ్రాణి వేయడం, ఒళ్ళో పడుకోబెట్టుకుని పొద్దంతా చూస్తూ కూర్చోవడం. సంతరోజున మాత్రం కోడలితో కలిసి మిట్టూరు మీదుగా వచ్చేది. సారు ఇంటి ముందు ఆగి, తలుపుకేసి చూసి, నోటికి వచ్చినట్టు తిట్టేది. నీ చేతులు పడిపోను, నా ఇంటి దీపం ఆర్పినావే అని. వీధి వీధంతా వినేది. సారు తలుపు వేసుకుని లోపలే ఉండేవాడు. సందు దొరికితే పోకిరీలు తలుపు మీద రాళ్ళు వేసేవాళ్ళు. నేను అప్పుడప్పుడు కూర పట్టుకుపోతే, ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో వంక పెట్టి తినేవాడు.

యుద్ధం అయిపోయింది. మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తాయమ్మ మా ఇంటికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. సారు ఇంటికి తోడు రమ్మంది. ఎందుకంటే చెప్పలేదు. ఆ ముఖం చూసి నేను తలుపు గొళ్ళెం పెట్టి బయలుదేరాను. దారిపొడుగునా ఆమె వేళ్ళు నా మణికట్టును గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

సారు గదిలో చాప మీద కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. తిట్టడానికే లోపలికి వచ్చిందనుకున్నాడేమో, చేతులు కట్టుకుని తల వంచాడు. ఆమె కూర్చోలేదు.

“పిల్లోళ్ళు మా వాకిట్లో ఆడుకుంటా ఉండారు సారూ,” అంది. “ఒకడు రెక్కలు సాపి ఇమానం మాదిరి వచ్చినాడు. ఇంగొకడు రెండు ఈనెలు అడ్డంగా, ఒకదాని మింద ఒకటి ఏసినాడు. వచ్చినోడు దిగలేదు. తిరుక్కొని ఎల్లిపోయినాడు.”

సారు ఆ పిల్లలకు సరిగా తెలియదనీ, ఆట కోసం ఏదో వేసి ఉంటారనీ చెప్పబోయాడు. అబద్ధం ఆడటం ఆయనకు ఎప్పుడూ చేతకాదు. ఒక్కసారి ఆడాడు, దాంతోనే ఆ విద్య అయిపోయినట్టుంది. మాట మధ్యలోనే ఆపేశాడు.

“నేను ఆ గుడ్డల్ని అట్నే పరిసినాను సారూ. మీరెట్ల పెట్టినారో అట్నే. ఒక్క కొస వంకర పోకుండా పరిసినాను,” అంది తాయమ్మ. “పచ్చగా సేసినాను గదా. వానికి కనపళ్ళేదు.”

ఇంక దాచడానికేం లేదు. ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడుపు వచ్చింది. నేను ఆసుపత్రిలో ఎన్నో ఏడుపులు విన్నదాన్ని, అలాంటిది వినలేదు. సారు ఆమెకు కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు. తప్పు నాదేనమ్మా, మన ఇళ్ళ సంగతి తెలిసి కూడా కొత్తగుడ్డ అట్లా పరిచి పోకూడదు, చెప్పి పోవాల్సింది అన్నాడు. ఆ మాట ఆమెను ఓదార్చడానికి అన్నది కాదు. నిజంగా అలాగే అనుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

ఏడుపు తగ్గింది. ఇంక సారు మీద నింద పోతుందని నా మట్టుకు నాకు ఛాతీ మీద బరువు దిగినట్టు అనిపించింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆమె దుఃఖం ఎదురుగా ఉన్నా నాకు సంతోషం వేసింది. సారు కూడా తల కాస్త ఎత్తాడు. చెరువులో తుమ్మమొక్కలు మళ్ళీ మొలిచి ఉంటాయి కదా, చిన్నబ్బ ఇంకా ఆ పక్కనే ఉన్నాడా అని నన్ను అడిగాడు. ఉన్నాడన్నాను. వేళ్ళు గడ్డం మీద రుద్దుకుంటూ, పిల్లలు అప్పటివాళ్ళు పెద్దవాళ్ళయి ఉంటారు, కొత్తవాళ్ళను చేర్చుకోవాలన్నాడు. ఆయన అలా ముందు సంగతి మాట్లాడి ఎంత కాలమైందో.

తాయమ్మ ఆయన మాటలు విన్నది. వింటున్నకొద్దీ ఆమె ముఖంలో భయం కనబడింది. మోకాళ్ళ మీద ముందుకు జరిగి ఆయన పాదాలు పట్టుకుంది.

“సారూ, ఇంగెవరికీ తెలీనీయొద్దు,” అంది. “పంకజాక్షికి తెలిస్తే నా ఇంట్లో ఒక్క పూట ఉండదు. బిడ్డను ఎత్తుకొని పలమనేరు పోతాది. పోకుండా ఎట్లుంటాది? మొగుణ్ణి సంపినదాని సేతికి బిడ్డనిస్తాదా? వాని మొగం సూసే నేను ఇంత కూడు తింటా ఉండాను. మీరే సేసినారని అట్నే ఉండనీండి సారూ. నేను సచ్చిందాకా.”

నాకు ఆమెను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్వాలనిపించింది. ఇన్నాళ్ళూ తెలియక తిట్టింది, సరే. తెలిసిన తరవాత ఈ మాట ఎలా అడగగలిగింది? అడగడానికి నోరు తెరిచాను కూడా. సారు చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఆయన ఆమెకేసి చూడలేదు, ఏరి పక్కన పెట్టిన బియ్యం వైపు చూస్తున్నాడు. కిటికీలోంచి ఎండ వచ్చి ఆయన మోకాలి మీద పడింది. అది అక్కడి నుంచి మెల్లగా చాప మీదికి జరిగింది.

“సరేనమ్మా,” అన్నాడు.

ఆమె వెంటనే లేవలేదు. ఇంకో మాట అడగాలి, అడగలేకపోతోంది. ఉన్నట్టుండి తిట్టడం మానేస్తే కోడలు ఎందుకని అడుగుతుంది, వీధి అడుగుతుంది. ఆ సంగతి ఆమె సగం చెప్పేసరికే ఆయనకు అర్థమైంది. “తిట్టండమ్మా,” అన్నాడు. “ఎప్పుటి మాదిరే తిట్టండి.”

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకోబోతే విడిపించుకున్నాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్న తరవాత మాత్రం కోపం నిలవలేదు. నాకు పిల్లలు లేరు. ఆమె స్థానంలో ఉంటే నేను ఏం అడిగి ఉండేదాన్నో నాకు తెలియదు. సారు స్థానంలో ఉంటే సరే అని ఉండేదాన్ని కాదు, ఇది మాత్రం తెలుసు. మేడగది మళ్ళీ తెరుచుకోలేదు. ఆ చెరువు మైదానాన్ని తుమ్మచెట్లు పూర్తిగా ఆక్రమించుకున్నాయి.

తరవాత వచ్చిన సంతరోజున నేను డ్యూటీ దిగి మిట్టూరు వీధిలోంచి వస్తున్నాను. ఎదురుగా తాయమ్మ, వెనక చంకలో బిడ్డతో పంకజాక్షి. సారు ఎప్పుడూ తలుపు వేసుకుని ఉండేవాడు కదా, ఆ రోజు తలుపు తెరిచి అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నిజం తెలిశాక మూసిన తలుపును తిట్టాలంటే ఆమెకు నోరు రాదని ఆయనకు తెలుసు. తిట్టడానికి ఎదురుగా మనిషి ఉండాలని వచ్చాడు.

తాయమ్మ ఆగింది. వీధిలో వాళ్ళు చూస్తున్నారు. నీ చేతులు పడిపోను అని మొదలుపెట్టింది. నా ఇంటి దీపం అని ఒక్క మాట అని, అక్కడ ఆగిపోయింది. పంకజాక్షి బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, అత్త ముఖంలోకి వింతగా చూసింది.

సారు తలెత్తాడు. తాయమ్మకేసి చూసి, పిల్లలకు గుడ్డ కొస సరిచేయమని సైగ చేసినట్టే, చిన్నగా తల ఊపాడు. మిగిలింది కూడా తిట్టమని. ఆమె చీర కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని, గొంతు ఎత్తి చివరిదాకా తిట్టింది. ఆయన అంతా విని లోపలికి వెళ్ళాడు.